డీమెసేజ్‌లో బూట్ లైన్లే కనపడటం లేదు, కెర్నెల్ లాగ్ బఫర్ ఎంత పెట్టాలి?

రాక్_కాపలా | ఉదయం 9:12

అందరికీ నమస్కారం. రెండు రోజులుగా ఒక సర్వర్ దగ్గర ఇరుక్కుపోయాను. దారి చూపిస్తారని రాస్తున్నాను.

64 సీపీయూల మెషిన్. ఒకే మోడల్ ఎన్‌వీఎంఈ డిస్కులు నాలుగు ఉన్నాయి. మూడు బాగానే పనిచేస్తున్నాయి, నాలుగోది వాటి వేగంలో నాలుగో వంతు దగ్గరే ఆగిపోతోంది. డిస్క్ మార్చి చూశాను, ఫలితం అదే. బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్ ఏదో ఒకటి చెప్పే ఉంటుంది కదా అని లాగిన్ అయ్యి డీమెసేజ్ (కెర్నెల్ రాసుకున్న మెసేజ్‌లు చూపించే కమాండ్) కొట్టాను. మొట్టమొదటి లైన్ ఇది:

[  537.204118] పీసీఐఈపోర్ట్ 0000:3బీ:00.0: ఏఈఆర్: కరెక్టెడ్ ఎర్రర్ మెసేజ్ రిసీవ్డ్

సున్నా దగ్గర మొదలు కావాల్సింది 537వ సెకను దగ్గర మొదలైంది. అక్కడి నుంచి చివరిదాకా ఇదీ, దీని కింద వచ్చే ఇంకో మూడు లైన్లూ తప్ప ఏమీ లేవు. సెకనుకు దాదాపు ఇరవై సార్లు వస్తున్నాయి. కెర్నెల్ వెర్షన్ లైన్ లేదు, పీసీఐ స్కాన్ లేదు, డిస్కులు కనపడిన లైన్లూ లేవు.

కాన్ఫిగ్ ఫైల్‌లో కాన్ఫిగ్_లాగ్_బఫ్_షిఫ్ట్=18 అని ఉంది. అంటే ఎంత? అది చాలదా? రీబూట్ చెయ్యకుండా పెంచే మార్గం ఏదైనా ఉందా? నడుస్తున్న మెషిన్ కాబట్టి రీబూట్ అంటే టెన్షన్‌గా ఉంది.

కొత్తగా_చేరా | ఉదయం 9:40

నేనూ నేర్చుకుంటున్నవాడినే. బూట్ కమాండ్ లైన్‌లో క్వైట్ అని గానీ, లాగ్‌లెవెల్=3 అని గానీ పెడితే మెసేజ్‌లు తగ్గుతాయి కదా, అప్పుడు బఫర్ నిండదేమో?

పాతకెర్నెల్ | ఉదయం 10:05

@కొత్తగా_చేరా, ఇది చాలామంది పొరబడే చోటే, అడిగి మంచి పని చేశావు. లాగ్‌లెవెల్, క్వైట్ రెండూ కన్సోల్‌కు వేసిన జల్లెడలు. స్క్రీన్ మీదకు, సీరియల్ పోర్ట్‌కు ఏది వెళ్లాలో మాత్రమే అవి నిర్ణయిస్తాయి. ప్రింట్‌కే (కెర్నెల్‌లో మెసేజ్‌లు రాసే ఫంక్షన్) ద్వారా వచ్చిన ప్రతి మెసేజ్, లెవెల్ ఏదైనా సరే, ముందు మెమరీలో ఉన్న రింగ్ బఫర్‌లోకి (నిండాక పాతవాటి మీదే కొత్తవి రాసే చోటు) వెళ్లాల్సిందే. కాబట్టి స్క్రీన్ నిశ్శబ్దంగా ఉన్నా లోపల బఫర్ నిండుతూనే ఉంటుంది.

@రాక్_కాపలా గారూ, మీ ప్రశ్నలు ఒక్కొక్కటిగా చూద్దాం.

షిఫ్ట్ 18 అంటే 2 ఘాతం 18, అంటే 262144 బైట్లు, 256 కేబీ. కెర్నెల్ సోర్స్‌లో ఈ ఆప్షన్ డిఫాల్ట్ 17, అంటే 128 కేబీ. 12 నుంచి 25 వరకూ పెట్టుకోవచ్చు, అంటే 4 కేబీ నుంచి 32 ఎంబీ దాకా. చాలా డిస్ట్రిబ్యూషన్లు 18 పెడతాయి.

అయితే మీ మెషిన్‌లో బఫర్ 256 కేబీ కాదు, 512 కేబీ ఉండాలి. దానికి కారణం మీ సీపీయూల సంఖ్య. ఒక్కో సీపీయూ బూట్‌లో తన వంతు లైన్లు రాస్తుంది కాబట్టి, మొదటి సీపీయూ కాక మిగతా ఒక్కోదానికి 4096 బైట్ల చొప్పున కెర్నెల్ లెక్క కడుతుంది. మీకు 63 × 4096 = 258048. ఈ మొత్తం అసలు బఫర్‌లో సగాన్ని దాటితేనే దాన్ని పట్టించుకుంటుంది. మీ దగ్గర సగం 131072, దాటేసింది. రెండూ కలిపితే 520192. దాన్ని పైనున్న రెండు ఘాతానికి పెంచితే 524288. బూట్ మొదట్లో లాగ్_బఫ్_లెన్ అని ఒక లైన్ ఈ సంఖ్యతోనే వచ్చి ఉంటుంది. విచారం ఏమిటంటే, మీ బఫర్‌లో ఆ లైన్ కూడా కొట్టుకుపోయింది.

ఇప్పుడు అసలు విషయం. ఆ ఏఈఆర్ (పీసీఐఈ లింక్‌లో తప్పులను తెలిపే ఏర్పాటు) నాలుగు లైన్లూ కలిపి, లోపలి హెడర్లతో సహా ఒక 350 బైట్లు అనుకుందాం. సెకనుకు ఇరవై అంటే 7000 బైట్లు. 524288ని 7000తో భాగిస్తే 75 సెకన్లు. మీ బఫర్ ఎంతసేపటి జ్ఞాపకం దాచగలదంటే, ఒకటింబావు నిమిషం. మీరు లాగిన్ అయ్యింది 610వ సెకను చుట్టుపక్కల అయ్యుంటుంది, సరేనా?

రీబూట్ లేకుండా పెంచడం కుదరదు. దీనికి సిస్‌కంట్రోల్ (మెషిన్ నడుస్తుండగా మార్చే సెట్టింగ్) ఏదీ లేదు. బూట్ కమాండ్ లైన్‌లో లాగ్_బఫ్_లెన్=16ఎం లాగా ఇవ్వాలి, లేదా కెర్నెల్ మళ్లీ బిల్డ్ చెయ్యాలి. రెండు ఘాతం కాని సంఖ్య ఇస్తే పై ఘాతానికి పెంచుకుంటుంది.

రాక్_కాపలా | ఉదయం 10:31

612వ సెకను! అచ్చంగా సరిపోయింది. ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు.

ఇంకో అనుమానం. జర్నల్‌డీ (సిస్టమ్ లాగ్‌లు దాచే సర్వీస్) అన్నీ దాచుకుంటుంది కదా? జర్నల్‌కంట్రోల్ -కే -బీ కొట్టినా అక్కడ కూడా మధ్యలోంచే మొదలవుతోంది, కాకపోతే కొంచెం ముందు నుంచి, 160వ సెకను దగ్గర. రేట్‌లిమిట్‌బర్స్ట్ పెంచాలా?

పాతకెర్నెల్ | ఉదయం 10:48

రేట్‌లిమిట్ అది కాదు. జర్నల్‌డీ డిఫాల్ట్‌గా 30 సెకన్లకు 10000 మెసేజ్‌లు అని పెట్టే హద్దు ఒక్కో సర్వీస్‌కు లెక్క. కెర్నెల్ నుంచి వచ్చేవాటికి అది వర్తించదు.

స్టోరేజ్ ఎక్కడ ఉందో చూడండి. /వార్/లాగ్/జర్నల్ డైరెక్టరీ లేకపోతే స్టోరేజ్=ఆటో కింద జర్నల్ అంతా /రన్‌లో, అంటే మెమరీలోనే ఉంటుంది. దానికీ ఒక హద్దు ఉంటుంది, రన్‌టైమ్‌మ్యాక్స్‌యూజ్. దాన్ని దాటితే పాత ఫైళ్లను తీసేస్తుంది. మీ దగ్గర జరిగింది అదే అని నా అనుమానం.

రాక్_కాపలా | ఉదయం 10:59

చూశాను. నెట్‌వర్క్ నుంచి బూట్ అయ్యే ఇమేజ్ ఇది, రూట్ రీడ్-ఓన్లీ. ఇమేజ్ తయారుచేసినవాళ్లెవరో రన్‌టైమ్‌మ్యాక్స్‌యూజ్=16ఎం అని పెట్టారు. అంటే రెండు చోట్లా ఒకే వరద వచ్చి రెండింటినీ కడిగేసింది.

రాత్రిడ్యూటీ | ఉదయం 11:20

ఎన్ని లైన్లు పోయాయో కచ్చితంగా తెలుసుకునే ఉపాయం ఒకటి ఉంది. రూట్‌గా ఇది కొట్టండి:

హెడ్ -ఎన్1 /డెవ్/కేఎంఎస్‌జీ

లైన్ మొదట్లో కామాలతో కొన్ని సంఖ్యలు వస్తాయి. మొదటిది ప్రయారిటీ, రెండోది సీక్వెన్స్ నంబర్, మూడోది మైక్రోసెకన్లలో సమయం. సీక్వెన్స్ సున్నా నుంచి మొదలవుతుంది. కాబట్టి బఫర్‌లో అన్నిటికంటే పాత లైన్ మీద కనపడే రెండో సంఖ్యే, ఇప్పటిదాకా చెరిగిపోయిన మెసేజ్‌ల లెక్క. 2012లో 3.5 కెర్నెల్‌లో మెసేజ్‌లను రికార్డులుగా దాచడం మొదలుపెట్టినప్పుడు వచ్చిన ఇంటర్‌ఫేస్ ఇది. అంతకుముందు బఫర్ అంటే అక్షరాల ప్రవాహం మాత్రమే. ఎంత పోయిందో తెలిసేది కాదు, మొదటి లైన్ సగంలోంచి మొదలయ్యేది.

చదివే ప్రోగ్రామ్ వెనకబడిపోయి, అది చదవాల్సిన చోటు చెరిగిపోతే రీడ్ కాల్ ఈపైప్ అనే ఎర్రర్ ఇస్తుంది. తర్వాతి రీడ్ మిగిలినవాటిలో అతి పాతదాని నుంచి మొదలవుతుంది. జర్నల్‌డీ సీక్వెన్స్‌లో ఖాళీ చూసి, ఇన్ని కెర్నెల్ మెసేజ్‌లు తప్పిపోయాయి అని తనే ఒక లైన్ రాస్తుంది. మీ జర్నల్‌లో "మిస్డ్" అన్న మాట కోసం వెతకండి.

/ప్రాక్/కేఎంఎస్‌జీ జోలికి మాత్రం పోవద్దు. అక్కడ చదివితే చదివినవి ఖర్చయిపోతాయి. ఇద్దరు చదివితే సగం ఒకరికి, సగం ఇంకొకరికి వెళ్తాయి. దీనివల్ల నేను ఒకసారి ఒక రాత్రంతా లేని తప్పు కోసం వెతికాను. డీబగ్ కోసం ఒక టెర్మినల్‌లో క్యాట్ పెట్టి మర్చిపోయాను, లాగ్ సర్వర్‌కు వెళ్లే లైన్లలో ఒకటి విడిచి ఒకటి మాయమయ్యాయి.

రాక్_కాపలా | ఉదయం 11:34

4,45718,537204118,-;

45718 లైన్లు పోయాయి. జర్నల్‌లో మిస్డ్ అన్న లైన్ లేదు, అంటే జర్నల్‌డీ అన్నీ చదివింది, కానీ దాచుకోలేకపోయింది.

చిన్నబోర్డు | మధ్యాహ్నం 12:15

పెద్ద సర్వర్ మాటల మధ్యలో చిన్న మెషిన్ల సంగతి కూడా ఒకటి చెబుతాను, బఫర్ పెంచేముందు అందరికీ తెలియాల్సిన లెక్క ఇది.

2020 డిసెంబర్‌లో వచ్చిన 5.10 కెర్నెల్‌లో జాన్ ఓగ్‌నెస్ రాసిన లాక్‌లెస్ రింగ్ బఫర్ వచ్చింది. చాలా గొప్ప పని, ఎన్‌ఎంఐ (అడ్డుకోలేని ఇంటరప్ట్) లోంచి కూడా లాక్ పట్టుకోకుండా రాయొచ్చు. కానీ దీని నిర్మాణం వేరు. మెసేజ్ అక్షరాలు ఒక రింగ్‌లో, ఒక్కో మెసేజ్ వివరాలు (సీక్వెన్స్, సమయం, లెవెల్, ఏ డివైజ్ అన్నది) మరో చోట. సగటు మెసేజ్ 32 బైట్లు ఉంటుందని అనుకుని, బఫర్ సైజును 32తో భాగించి అన్ని డిస్క్రిప్టర్లు ముందే కేటాయిస్తుంది. 64 బిట్ మెషిన్‌లో ఒక్కో మెసేజ్‌కు డిస్క్రిప్టర్ 24 బైట్లు, వివరాలు 88 బైట్లు, మొత్తం 112.

అంటే 32 బైట్ల అక్షరాలకు 112 బైట్ల లెక్కల పుస్తకం. అక్షరాల కంటే మూడున్నర రెట్లు ఎక్కువ!

కొత్త కెర్నెల్‌లో ఈ లెక్క బూట్ లాగ్‌లోనే కనపడుతుంది. 256 కేబీ బఫర్ ఉన్న మెషిన్‌లో నేను చూసిన లైన్:

ప్రింట్‌కే: లాగ్ బఫర్ డేటా + మెటా డేటా: 262144 + 917504 = 1179648 బైట్లు

256 కేబీ అనుకున్నది ఒక ఎంబీ దాటింది. సర్వర్‌లో ఇది లెక్కలోకి రాదు. నేను పనిచేసే బోర్డుల్లో ర్యామ్ 64 ఎంబీ. అందులో షిఫ్ట్ 17 ఉంటే మొత్తం 576 కేబీ పోతుంది. నేను 14 పెడతాను. 16 కేబీ అక్షరాలకు, 56 కేబీ వివరాలకు, మొత్తం 72 కేబీ. నా బోర్డు బూట్ లాగ్ మొత్తం 11 కేబీ లోపే వస్తుంది కాబట్టి అది చాలు.

@రాక్_కాపలా గారు 16ఎం పెడితే దాదాపు 72 ఎంబీ తీసుకుంటుంది. మీ మెషిన్‌లో ఫరవాలేదు, తెలిసి పెట్టండి, అంతే.

కొత్తగా_చేరా | మధ్యాహ్నం 12:40

ఇంత మెమరీ దీనికే పోతుందని అస్సలు తెలియదు. ఒక ప్రశ్న: డీమెసేజ్ -సీ (పెద్ద సీ) కొడితే బఫర్ ఖాళీ అవుతుంది కదా, మధ్య మధ్యలో అలా చేస్తే చోటు దొరకదా?

పాతకెర్నెల్ | మధ్యాహ్నం 12:58

ఖాళీ అవ్వదు. "ఇక్కడిదాకా చూసేశాను" అని ఒక గుర్తు పెడుతుంది, అంతే. ఆ తర్వాత డీమెసేజ్ ఆ గుర్తు నుంచి చూపిస్తుంది. పాతవి బఫర్‌లోనే ఉంటాయి, /డెవ్/కేఎంఎస్‌జీ తెరిచి మొదటి నుంచి చదివితే కనపడతాయి. రింగ్ కాబట్టి చోటు దొరకడం అన్న సమస్యే ఉండదు. కొత్తది వస్తే అన్నిటికంటే పాతది పోతుంది, ఎప్పుడూ అదే నియమం.

పాత రోజుల సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఈ బఫర్ మొదట్లో 4096 బైట్లు. 1.3.54 నుంచి 8192, 2.1.113 నుంచి 16384. అందుకే డీమెసేజ్ మాన్యువల్‌లో చాలాకాలం -ఎస్ ఆప్షన్ డిఫాల్ట్ 16392 అని ఉండేది, 16384 మీద ఇంకో 8. కెర్నెల్‌లో బఫర్ పెంచినా డీమెసేజ్ మాత్రం ఆ 16392 దగ్గరే ఆగిపోవడం, జనం కెర్నెల్‌ను తిట్టుకోవడం నేను కళ్లారా చూశాను. నాలుగు కేబీలో బూట్ లాగ్ అంతా పట్టిన కాలం అది.

డ్రైవర్‌పని | మధ్యాహ్నం 2:10

ఇది బఫర్ మొత్తం గురించి. ఒక్కో మెసేజ్‌కు కూడా హద్దు ఉందన్నది చాలామంది డ్రైవర్ రాసేవాళ్లు మర్చిపోతారు, నేనూ మర్చిపోయాను కాబట్టి చెబుతున్నాను.

నేను రాసే డ్రైవర్‌లో కార్డ్ హ్యాంగ్ అయినప్పుడు రిజిస్టర్లన్నీ ఒకే స్ట్రింగ్‌గా కూర్చి, ఒకే పీఆర్_ఇన్ఫోతో పంపేవాడిని. దాదాపు 3000 అక్షరాలు. టెస్టింగ్‌లో రిజిస్టర్లు తక్కువ కాబట్టి అంతా బాగానే కనపడింది. నిజమైన కార్డ్ మీద హ్యాంగ్ వచ్చినప్పుడు మూడో వంతు దగ్గర లైన్ తెగిపోయింది. నాకు కావాల్సిన స్టేటస్ రిజిస్టర్ చివర్లో ఉంది. ఒక్క రికార్డుకు ఉన్న హద్దు 1024 బైట్లు, పాత వెర్షన్లలో ముందుండే టైమ్‌స్టాంప్‌కు కొంత తీసేయగా ఇంకాస్త తక్కువ. దాటితే ఎర్రర్ రాదు, మిగతాది నిశ్శబ్దంగా కత్తిరిస్తుంది. ఆ హ్యాంగ్ మళ్లీ రావడానికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలూ నాకు నిద్ర లేదు.

ఇప్పుడు ప్రింట్_హెక్స్_డంప్ వాడుతున్నాను. లైన్‌కు 16 బైట్ల చొప్పున చక్కగా ముక్కలు చేసి, ఒక్కోదానికి ఆఫ్‌సెట్ పెడుతుంది. అన్నిటికంటే ముఖ్యమైన రిజిస్టర్ మొదటి లైన్‌లో పెట్టాను. నిజంగా పెద్ద డంప్ అయితే లాగ్‌లోకి అసలు పంపకూడదు, డీబగ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ గానీ డెవ్‌కోర్‌డంప్ గానీ అందుకే ఉన్నాయి. పది కేబీల డంప్ రాయడమంటే పక్కవాళ్ల పది కేబీల మెసేజ్‌లను చెరిపెయ్యడమే. ఈ బఫర్ మెషిన్ మొత్తానికీ ఒక్కటే కదా.

యూజర్ ప్రోగ్రామ్ నుంచి /డెవ్/కేఎంఎస్‌జీలోకి రాసేవాళ్లకు: హద్దు దాటిన పొడవు రాస్తే అక్కడ కత్తిరించదు, ఈఇన్‌వ్యాల్ ఇచ్చి మొత్తం వెనక్కి పంపేస్తుంది. రైట్ కాల్ ఏమిచ్చిందో చూసుకోకపోతే మెసేజ్ వెళ్లిందనే అనుకుంటారు.

కొత్తగా_చేరా | మధ్యాహ్నం 2:25

మరి ఆ ఏఈఆర్ లైన్లకు హద్దు పెట్టే పద్ధతి కెర్నెల్‌లో లేదా? ఒకే మాట ఇన్నిసార్లు ఎందుకు రాయనివ్వాలి?

డ్రైవర్‌పని | మధ్యాహ్నం 2:41

ఉంది, కానీ రాసేవాళ్లు వాడాలి. ప్రింట్‌కే_రేట్‌లిమిటెడ్ కుటుంబం మొత్తం ఉంది. డిఫాల్ట్ 5 సెకన్లకు 10 మెసేజ్‌లు. దాటినవి ఆపేసి, తర్వాత "37 కాల్‌బ్యాక్స్ సప్రెస్డ్" లాంటి లైన్ ఒకటి రాస్తుంది. ఇంటరప్ట్ దారిలో గానీ, బయటి నుంచి వచ్చే ప్యాకెట్ వల్ల గానీ ప్రింట్ అయ్యేది ఏదైనా సరే, రేట్‌లిమిట్ లేకుండా రాయడం తప్పని నా గట్టి అభిప్రాయం. ఒక్కసారి చెబితే చాలనుకున్నదానికి ప్రింట్‌కే_వన్స్ ఉంది.

వేగంగా నడిచే దారిలో డీబగ్ చేయాలంటే ట్రేస్_ప్రింట్‌కే వాడండి. అది ఎఫ్‌ట్రేస్ (కెర్నెల్ ట్రేసింగ్ సాధనం) రింగ్‌లోకి వెళ్తుంది, ఆ రింగ్ ఒక్కో సీపీయూకు వేరు. ఈ బఫర్‌ను ముట్టుకోదు. ఆ కోడ్ మాత్రం పంపించే ప్యాచ్‌లో ఉంచకండి.

రాక్_కాపలా | మధ్యాహ్నం 3:02

మా సీనియర్ ఒకరు పీసీఐ=నోఏఈఆర్ అని పెడితే ఈ గోల ఆగిపోతుందన్నారు. ఎలాగూ రీబూట్ చేస్తున్నాను కదా, అది కూడా పెట్టేస్తే బఫర్ పెంచే పనే ఉండదు?

పాతకెర్నెల్ | మధ్యాహ్నం 3:15

దయచేసి పెట్టకండి, కనీసం ఇప్పుడే వద్దు. బఫర్‌ను నింపుతున్నది ఎవరు, ఏ పోర్ట్, ఏ తప్పు అని ముందు అడగాలి. ఆ నాలుగో లైన్‌లో ఏముంది? ఆర్‌ఎక్స్‌ఎర్ర్ అని ఉందా? ఉంటే ఫిజికల్ లేయర్ తప్పు అది. అంటే తీగ, స్లాట్, రైజర్ (స్లాట్‌కూ డివైజ్‌కూ మధ్య ఉండే కార్డ్), కాంటాక్ట్ లాంటివి. సెకనుకు ఇరవై సార్లు సిగ్నల్ పాడవుతోందని హార్డ్‌వేర్ మొరపెట్టుకుంటోంది. మీరు దాని నోరు మూసేస్తే బఫర్ ప్రశాంతంగా ఉంటుంది, జబ్బు అలాగే ఉంటుంది.

పైగా మీ డిస్క్ సమస్యకూ దీనికీ సంబంధం ఉండొచ్చు. 3బీ:00.0 కింద ఏ డివైజ్ ఉందో ఎల్‌ఎస్‌పీసీఐ -టీ తో చూడండి.

రాక్_కాపలా | మధ్యాహ్నం 3:29

ఆర్‌ఎక్స్‌ఎర్ర్ అనే ఉంది. 3బీ:00.0 కింద 3సీ:00.0 ఉంది, అది... ఆ నాలుగో డిస్కే.

రాత్రి పదిన్నరకు రీబూట్‌కు అనుమతి దొరికింది. లాగ్_బఫ్_లెన్=16ఎం పెట్టి చూస్తాను.

పాతకెర్నెల్ | మధ్యాహ్నం 3:36

మంచిది. ఇదే వేగంతో వస్తే 16 ఎంబీ అంటే 2400 సెకన్లు, 40 నిమిషాలు. బఫర్ ఎంత పెంచినా కొనుక్కునేది సమయమే. రీబూట్ అయిన వెంటనే లాగిన్ అయ్యి డీమెసేజ్ మొత్తాన్ని ఫైల్‌లోకి తీసి, ఇంకో మెషిన్ మీదకు కాపీ చేసుకోండి. తీరిగ్గా తర్వాత చదవొచ్చు.

బీఎస్‌డీ_మనిషి | సాయంత్రం 5:10

ఫ్రీబీఎస్‌డీ వైపు ఈ బాధ కొంత ముందే ఆలోచించారు. బూట్ పూర్తయ్యాక అప్పటి బఫర్ మొత్తం /వార్/రన్/డీమెసేజ్.బూట్ అనే ఫైల్‌లో పడిపోతుంది. ఆ తర్వాత ఎంత వరద వచ్చినా బూట్ లైన్లు ఆ ఫైల్‌లో భద్రం. సైజు పెంచాలంటే లోడర్.కాన్ఫ్‌లో కెర్న్.ఎంఎస్‌జీబఫ్‌సైజ్. డిఫాల్ట్ 96 కేబీ.

నాకు బాగా నచ్చేది ఇంకొకటి. కరెంట్ పోకుండా రీబూట్ అయితే, మెమరీలో ఆ చోటు చెక్కుచెదరకుండా ఉంటే, కెర్నెల్ పాత బఫర్‌ను గుర్తుపట్టి దాని వెనకే రాయడం మొదలుపెడుతుంది. హెడర్‌లో ఒక మ్యాజిక్ సంఖ్య, చెక్‌సమ్ ఉంటాయి, అవి సరిపోతేనే. ఒక మెషిన్ ప్యానిక్ అయ్యి తనంతట తానే లేచినప్పుడు, డీమెసేజ్ కొడితే పైన ప్యానిక్ లైన్లు, కింద కొత్త బూట్ లైన్లు కనపడ్డాయి. మొదటిసారి చూసినప్పుడు నమ్మలేకపోయాను.

ఒక జాగ్రత్త: బఫర్ సైజు మార్చి రీబూట్ చేస్తే పాతది సరిపోలదు కాబట్టి పోతుంది. ప్యానిక్ లైన్లు కావాలంటే ముందు వాటిని తీసుకుని ఆ తర్వాత సైజు మార్చండి.

రాత్రిడ్యూటీ | సాయంత్రం 5:48

లినక్స్‌లో ఆ పని పీస్టోర్ చేస్తుంది. అందులో ర్యామ్‌లో దాచే భాగమైన ర్యామూప్స్‌కు మెమరీలో కొంత చోటు విడిగా కేటాయించాలి, రికార్డ్_సైజ్, కన్సోల్_సైజ్ ఇవ్వాలి. క్రాష్ తర్వాత /సిస్/ఎఫ్‌ఎస్/పీస్టోర్ కింద ఫైళ్లు కనపడతాయి. ఇక్కడా ఒక సైజు హద్దు ఉంది. క్రాష్ సమయంలో బఫర్ చివరి నుంచి ఎంత తీసుకోవాలన్నది కేఎంఎస్‌జీ_బైట్స్, డిఫాల్ట్ 10240. వరద మధ్యలో క్రాష్ అయితే ఆ పది కేబీలో కూడా చాలావరకు వరదే ఉంటుంది.

సీరియల్ కన్సోల్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. 115200 వేగంలో సెకనుకు 11520 అక్షరాలు వెళ్తాయి, 9600లో 960 మాత్రమే. సెకనుకు 7000 బైట్లు పుడుతుంటే 9600 పోర్ట్ ఎప్పటికీ అందుకోలేదు. అది వెనకబడి, చదవాల్సిన చోటు చెరిగిపోయినప్పుడు కన్సోల్ మీద రెండేసి నక్షత్ర గుర్తుల (**) మధ్య "214 ప్రింట్‌కే మెసేజెస్ డ్రాప్డ్" లాంటి లైన్ వస్తుంది. అది చూసి బఫర్ పెంచుతారు కొందరు. తప్పు బఫర్‌ది కాదు, పైపు సన్నం. పైగా పాత పద్ధతిలో, కన్సోల్ లాక్ ఎవరి చేతిలో ఉంటే ఆ సీపీయూయే అందరి మెసేజ్‌లూ బయటికి నెట్టాలి. పోర్ట్ నెమ్మదిగా ఉంటే ఆ సీపీయూ అక్కడే ఇరుక్కుని సాఫ్ట్ లాకప్ హెచ్చరిక వస్తుంది, ఆ హెచ్చరిక కూడా మళ్లీ అదే వరుసలో చేరుతుంది. 2024 నవంబర్‌లో వచ్చిన 6.12లో కన్సోల్ రాతను విడి థ్రెడ్‌కు అప్పగించే ఏర్పాటు వచ్చింది. అయితే ఆ పద్ధతికి మార్చిన కన్సోల్ డ్రైవర్లకే అది పనిచేస్తుంది.

ఇలాంటప్పుడు లాగ్‌లెవెల్ తగ్గించడం సరైన మందు. @కొత్తగా_చేరా, నువ్వు పొద్దున చెప్పింది ఇక్కడ పనికొస్తుంది.

రాక్_కాపలా | రాత్రి 11:52

అయిపోయింది! వరసగా చెబుతాను.

16ఎం పెట్టి రీబూట్ చేశాను. రెండో నిమిషంలో లాగిన్ అయ్యి డీమెసేజ్‌ను ఫైల్‌లోకి తీసి పక్క మెషిన్ మీదకు పంపాను. ఈసారి మొదటి లైన్ సున్నా సెకన్ల దగ్గర ఉంది. పీసీఐ స్కాన్ దగ్గరకు వెళ్లి 3సీ కోసం వెతికితే ఈ ఒక్క లైన్:

పీసీఐ 0000:3సీ:00.0: 7.876 గిగాబిట్/సె అవైలబుల్ పీసీఐఈ బ్యాండ్‌విడ్త్, లిమిటెడ్ బై 8.0 జీటీ/సె పీసీఐఈ ఎక్స్1 లింక్ ఎట్ 0000:3బీ:00.0 (కేపబుల్ ఆఫ్ 31.504 గిగాబిట్/సె విత్ 8.0 జీటీ/సె పీసీఐఈ ఎక్స్4 లింక్)

నాలుగు లేన్లతో (డేటా వెళ్లే దారులు) కలవాల్సింది ఒక్క లేన్‌తో కలిసింది. నాలుగో వంతు వేగం ఎందుకో ఆ ఒక్క లైన్‌లోనే ఉంది. బూట్‌లో ఒకే ఒక్కసారి వస్తుంది, దాని తర్వాత వచ్చిన 45 వేల లైన్ల కింద అది రెండు రోజులుగా మాయమైపోయింది.

మెషిన్ ఆపి రైజర్ కార్డ్ తీసి చూస్తే ఒక పక్క పూర్తిగా కూర్చోలేదు. కంటికి ఒక గోరు మందం తేడా. తుడిచి, గట్టిగా కూర్చోబెట్టి లేపాను. ఆ బ్యాండ్‌విడ్త్ లైన్ రాలేదు. ఏఈఆర్ లైన్ ఒక్కటీ రాలేదు. డిస్క్ మిగతా మూడింటితో సమానంగా పరిగెడుతోంది.

నోఏఈఆర్ పెట్టి ఉంటే ఇది ఎప్పటికి దొరికేదో ఆలోచిస్తేనే భయంగా ఉంది. @పాతకెర్నెల్ గారూ, మీ మేలు మర్చిపోను.

పాతకెర్నెల్ | ఉదయం 7:20

చాలా సంతోషం. లాగ్ లేకపోయినా ఎల్‌ఎస్‌పీసీఐ -వీవీలో లింక్ స్టేటస్ దగ్గర ఎక్స్1 అని కనపడి ఉండేది, అది నేను నిన్న పొద్దునే చెప్పాల్సింది, తట్టలేదు.

16ఎం అలాగే ఉంచుతారా?

రాక్_కాపలా | ఉదయం 8:45

తీసేశాను. వరద ఆగాక చూస్తే బూట్ లైన్లన్నీ మామూలు 512 కేబీలోనే హాయిగా పట్టాయి. దానికి బదులు రెండు పనులు చేశాను. @బీఎస్‌డీ_మనిషి గారు చెప్పినట్టు, బూట్ అయ్యాక ఒకసారి నడిచే చిన్న సర్వీస్ పెట్టి డీమెసేజ్‌ను ఫైల్‌లో దాస్తున్నాను. జర్నల్‌ను లాగ్ సర్వర్‌కు పంపే ఏర్పాటు చేశాను, రన్‌టైమ్‌మ్యాక్స్‌యూజ్ కూడా 256ఎం చేశాను. మిగతా మెషిన్లలో /డెవ్/కేఎంఎస్‌జీ మొదటి సీక్వెన్స్ సున్నా కాకపోతే నాకు హెచ్చరిక వచ్చేలా రాశాను. రాత్రి ఇంకో మెషిన్ దొరికింది, అందులో ఒక నెట్‌వర్క్ డ్రైవర్ గోల చేస్తోంది. దాని సంగతి ఈరోజు చూస్తాను.

కొత్తగా_చేరా | ఉదయం 9:03

నా మెషిన్‌లో కూడా చూసుకున్నాను:

5,0,0,-;లినక్స్ వెర్షన్...

సున్నా! ఒక్క లైన్ కూడా పోలేదు.